చరిత్రకు అందే యేసు: ఒక సంవాదం

నజరేతువాడైన యేసు గురించి చరిత్ర పద్ధతిలో ఏం చెప్పగలం, ఎంతవరకు చెప్పగలం అన్న చర్చ విద్యారంగంలో మొదలై రెండున్నర శతాబ్దాలవుతోంది. హాంబర్గులో ప్రాచ్య భాషలు బోధించిన హెర్మన్ సామ్యుయెల్ రైమారుస్ బతికుండగా బయటపెట్టడానికి జంకిన రాతలను, ఆయన పోయాక లెస్సింగ్ 1774–1778 మధ్య విడతలుగా, రచయిత పేరు లేకుండా అచ్చువేశాడు. యేసు ఉద్దేశం వేరు, ఆయన పేరుమీద శిష్యులు ప్రకటించింది వేరు అని వాటి చివరి భాగం వాదించింది. 1835లో డేవిడ్ ఫ్రీడ్రిష్ స్ట్రాస్, 27 ఏళ్ల వయసులో, సువార్తల్లోని అద్భుతాలను పురాణకల్పనలుగా విశ్లేషిస్తూ యేసు జీవితం రాసి ట్యూబింగెన్‌లో కొలువు పోగొట్టుకున్నాడు. 1839లో జూరిక్ విశ్వవిద్యాలయం ఆయనను పిలిస్తే జనం తిరగబడ్డారు. ఆ గొడవలో అక్కడి ప్రభుత్వమే పడిపోయింది.

అంతకుముందు ఈ ప్రశ్నలు ఎవరికీ తట్టలేదని కాదు. 3వ శతాబ్దంలోనే ఒరిగెన్, నాలుగు సువార్తలూ కొన్ని వివరాల్లో ఒకదానితో ఒకటి పొసగవని ఒప్పుకుని, అలాంటి చోట్ల ఆత్మీయార్థం చూడమన్నాడు. ఆధునికులు తెచ్చిన కొత్తదనం ఏమిటంటే, ఆ పొసగని చోట్లనే పట్టుకుని వాటి వెనకున్న చరిత్రను రాబట్టవచ్చన్న ధీమా. ఆ ధీమా మీదే ఈ సంవాదం. ఒక పక్షాన ఉన్నది పాస్టరు. ఈ విమర్శ పద్ధతులన్నీ థియాలజీ కాలేజీలో చదువుకునే వచ్చినవారు కనుక ఆయన అభ్యంతరం తెలియక పుట్టింది కాదు. రెండో పక్షాన చరిత్ర అధ్యాపకుడు. ఆయన యేసును కట్టుకథ అనేవారిలో లేరు.

పాస్టరుగారు: మాస్టారూ, యేసు అనే మనిషి అసలు పుట్టనే లేదనేవాళ్లు ఈ రోజుల్లో ప్రతి వీధిలోనూ ఉన్నారు. ముందు వాళ్లకు మీ సమాధానం ఏమిటో చెప్పండి. అది తేలకుండా మిగతా మాటలు ఎందుకు?

మాస్టారు: అది తేలిన సంగతేనండి అయ్యగారూ. జర్మనీలో బ్రూనో బావర్, ఆ తరవాత 1909లో ఆర్థర్ డ్రూస్ ఆ వాదన గట్టిగానే వినిపించారు. ప్రాచీన చరిత్ర చదివేవాళ్ల మధ్య అది నిలవలేదు. పౌలు గలతీయులకు రాసిన లేఖనే చూడండి. యెరూషలేము వెళ్లి కేఫా (పేతురు) దగ్గర 15 రోజులు ఉన్నాననీ, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశాననీ రాసుకున్నాడు. యేసు చనిపోయిన పాతికేళ్లకు అటూ ఇటూగా రాసిన లేఖ అది. అందులోనూ పౌలు ఆ యెరూషలేము పెద్దలతో తగవులో ఉండి రాస్తున్నాడు. వాళ్లకు తాను ఎంత తక్కువ రుణపడి ఉన్నాడో చూపించడమే అక్కడ ఆయనకు కావలసింది. లేని మనిషికి తమ్ముణ్ణి పుట్టించి, ఆ తమ్ముడితో తగువు పెట్టుకునే అవసరం ఎవరికుంటుంది?

పాస్టరుగారు: అది మా పుస్తకమే కదా అంటారు వాళ్లు. బయటి సాక్ష్యం కావాలంటారు.

మాస్టారు: యూదు చరిత్రకారుడు జోసీఫస్ క్రీ.శ. 93–94 ప్రాంతంలో ముగించిన గ్రంథంలో, 62వ సంవత్సరంలో జరిగిన ఒక మరణశిక్ష గురించి రాశాడు. రోమా అధిపతి చనిపోయి కొత్తవాడు ఇంకా చేరని సందులో ప్రధానయాజకుడు అననస్ తొందరపడి కొందరిని రాళ్లతో కొట్టించాడు. ఈ అననస్, మీ సువార్తల్లో ప్రధానయాజకుడు కయపకు మామగా కనిపించే అన్న అనే ఆయన కొడుకే. ఆ చనిపోయినవారిలో ఒకడు యాకోబు. ఏ యాకోబు అని గుర్తుపట్టడానికి, క్రీస్తు అని పిలవబడే యేసు సహోదరుడు అని జోసీఫస్ చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. అదే గ్రంథం 18వ భాగంలో యేసు గురించి ఇంకా పెద్ద పేరా ఉంది. దానిలో క్రైస్తవ లేఖకుల చేయి పడిందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆ చేర్పులు తీసేస్తే కింద అసలు మాటలు కొన్ని మిగులుతాయని ఎక్కువమంది అభిప్రాయం. దాని మీద నేను ఆధారపడను. యాకోబు మాట చాలు.

బయటి సాక్షులలో రోమా చరిత్రకారుడు టాసిటస్‌నూ చేర్చాలి. 116 ప్రాంతంలో, నీరో కాలపు రోము అగ్నిప్రమాదం గురించి రాస్తూ ఆయన క్రైస్తవుల పేరుకు మూలమైన క్రీస్తును తిబెరి చక్రవర్తి పాలనలో రోమా అధిపతి పిలాతు చంపించాడని చెప్పాడు. ఆ వాక్యంలో పిలాతు హోదాను ఆయన తన కాలపు అలవాటు ప్రకారం ప్రొక్యురేటర్ అన్నాడు. 1961లో సముద్రతీరపు కైసరయలో పురాతన నాటకశాల మెట్లకు తిరగేసి వాడుకున్న సున్నపురాయి ఒకటి బయటపడింది. దాని మీద పిలాతు తన పేరు తానే చెక్కించుకున్నాడు, హోదా ప్రిఫెక్ట్. సరిగ్గా రాసే పెద్ద చరిత్రకారుడు కూడా 80 ఏళ్ల వెనకటి విషయంలో ఇలాంటి చిన్న తడబాటు పడగలడని, అయినా అసలు సంగతి నిలుస్తుందని ఆ రాయి చూపిస్తుంది. సువార్తలను తూచేటప్పుడు ఈ కొలత గుర్తుండాలి.

పాస్టరుగారు: ఆ కొలతే సువార్తలకూ వర్తింపజేయమని నేను అడిగేది. టాసిటస్ తప్పు రాస్తే తడబాటు, లూకా రాస్తే కల్పన! మార్కు సువార్త 70వ సంవత్సరం ప్రాంతంలో వచ్చిందని మీవాళ్లే అంటారు. అంటే యేసును చూసినవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. సిలువ మోయడానికి సైనికులు పట్టుకున్న కురేనీయుడైన సీమోను, అలెక్సంద్రుకూ రూఫుకూ తండ్రి అని మార్కు చెబుతాడు. ఆ కొడుకులిద్దరూ కథలో మళ్లీ రారు. చదివేవాళ్లకు వాళ్లు తెలుసు కాబట్టే ఆ పేర్లు. 2006లో రిచర్డ్ బాకమ్ ఈ పేర్ల మీదే పెద్ద పుస్తకం రాశాడు. పాలస్తీనా యూదుల్లో ఆ రోజుల్లో బాగా వాడుకలో ఉన్న మగపేర్లు సీమోను, యోసేపు. సువార్తల్లో ఎంతమంది సీమోనులో చూడండి: పేతురు, జెలోతే, కుష్ఠరోగి, కురేనీయుడు. అందరూ సీమోనులే కనుక ఒక్కొక్కరికీ గుర్తు తగిలించాల్సి వచ్చింది. ఎక్కడో దూరాన కూర్చుని కథ అల్లినవాడికి ఆ ఊళ్లోని పేర్ల వాడుక ఇంత కచ్చితంగా ఎలా తెలుస్తుంది?

మాస్టారు: ఆ వాదన బలమైనదే. ఆ ఊళ్ల నుంచే, ఆ మనుషుల నుంచే కథనాలు వచ్చాయని ఒప్పుకుంటాను. కాకపోతే అలెక్సంద్రు, రూఫు అన్న పేర్లు మార్కులో ఉన్నాయి; మత్తయిలో, లూకాలో లేవు. చదివేవాళ్లు మారిపోయారు, పేర్లు రాలిపోయాయి. ఒక కథనం చేతులు మారే కొద్దీ ఏమవుతుందో దీన్నిబట్టే కనబడుతోంది. యేసు బాప్తిస్మం పొందిన సందర్భాన్ని నాలుగు సువార్తల్లోనూ పక్కపక్కన పెట్టి చదివితే ఇది ఇంకా స్పష్టమవుతుంది.

పక్కపక్కన పెట్టి చదవడం అన్నది ఈ శాస్త్రానికి పునాది. 18వ శతాబ్దం చివర యోహాన్ యాకోబ్ గ్రీస్‌బాఖ్ మత్తయి, మార్కు, లూకా సువార్తలను నిలువు వరసల్లో అచ్చువేయడంతో వాటి మధ్య పోలికలు కంటికి కనబడ్డాయి. మార్కులో ఉన్న 661 వచనాల్లో 600కు పైగా ఏదో ఒక రూపంలో మత్తయిలో ఉన్నాయి. వరసా కలుస్తుంది, చాలాచోట్ల గ్రీకు వాక్యమే కలుస్తుంది. దీనికి ఎక్కువమంది పండితులు ఒప్పుకున్న వివరణ, మార్కు ముందు రాశాడని, మిగతా ఇద్దరూ అతని పుస్తకాన్ని ముందు పెట్టుకుని రాశారని. మత్తయి, లూకా ఇద్దరికీ ఉమ్మడిగా ఉండి మార్కులో లేని బోధలు మరో పోయిన పత్రం నుంచి వచ్చాయా, లేక లూకా మత్తయిని చూశాడా అన్నది ఇంకా తెగని వాదం. మార్కు ముందన్నదే ఇక్కడ అవసరం.

మాస్టారు: మార్కులో యోహాను పాపక్షమాపణ కోసం బాప్తిస్మం ప్రకటిస్తున్నాడు. జనం పాపాలు ఒప్పుకుంటూ నదిలో దిగుతున్నారు. యేసు గలిలయ నుంచి వచ్చి ఆ వరసలోనే దిగాడు. మార్కు ఏ సంజాయిషీ ఇవ్వడు. మత్తయి దగ్గరికి రండి. అక్కడ యోహాను ఆపబోతాడు, నేనే నీ చేత పొందాల్సింది అంటాడు. యేసు సముదాయించాక ఒప్పుకుంటాడు. లూకాలో ఇంకో మార్పు. హేరోదు అంతిప యోహానును చెరలో వేయించిన సంగతి ముందు చెప్పేసి, ఆ తరవాత యేసు బాప్తిస్మం పొందాడని ఒక్క ముక్కలో అంటాడు. ఇచ్చినవాడి పేరు ఆ వాక్యంలో లేదు. నాలుగోది యోహాను సువార్త. అందులో బాప్తిస్మమిచ్చే యోహాను ఉన్నాడు, నది ఉంది, ఆత్మ పావురంలా దిగిరావడం ఉంది. యేసుకు బాప్తిస్మం ఇచ్చిన సంగతి మాత్రం లేదు. వరస చూశారా అయ్యగారూ? ఇచ్చేవాడు పెద్ద, పుచ్చుకునేవాడు చిన్న అన్న అర్థం వస్తుందని తొలి సంఘం ఇబ్బంది పడింది. అంత ఇబ్బంది పెట్టిన సంగతిని ఆ సంఘమే కల్పించి ఉండదు. కాబట్టి యేసు యోహాను చేత బాప్తిస్మం పొందాడన్నది చరిత్ర. విశ్వాసం లేని చరిత్రకారుడు కూడా దీన్ని కాదనలేడు.

పాస్టరుగారు: నాకు కనబడేది వేరు. ఇబ్బంది పెట్టినా ఆ సంగతిని తీసేయలేదు. మత్తయికి అంత నొప్పి ఉంటే ఆ పేజీయే ఎగరగొట్టి ఉండేవాడు. వివరణ చేర్చాడు, సంగతి ఉంచాడు. మీ పద్ధతి పనిచేస్తున్నది వాళ్ల నిజాయితీ మీదే. వాళ్లను అనుమానించడానికి వాళ్ల నమ్మకస్తత్వాన్నే పనిముట్టుగా వాడుకుంటున్నారు.

ఇది ఈ సంవాదంలో పాస్టరు చెప్పినవాటిలో పదునైన మాట. చరిత్రకారులు తరచు దీనికి తగినంత విలువ ఇవ్వరు. సొంత ఊళ్లో యేసు అద్భుతాలు చేయలేకపోయాడని మార్కు రాశాడు. మత్తయి దాన్ని ఎక్కువ చేయలేదు అని మెత్తబరిచాడు. ఇంటివాళ్లే ఆయనకు మతి చలించిందని పట్టుకోవడానికి వచ్చారని మార్కు రాశాడు, మిగతావాళ్లు వదిలేశారు. ఆ రోజు ఎప్పుడో కుమారుడికి కూడా తెలియదన్న మాట మార్కులోనే కాదు, మత్తయిలోనూ నిలిచింది. దిద్దుబాట్లు ఉన్నాయి, వాటికి హద్దూ ఉంది.

మాస్టారు: ఒప్పుకుంటున్నాను. దిద్దేవాళ్ల చేతికి కళ్లెం ఉంది. అందువల్లే అడుగున ఉన్నది చూడగలుగుతున్నాం. మరి మీ ప్రసంగాల్లో నాలుగింటినీ కలిపి ఒకే కథగా చెప్పేస్తారే, అప్పుడు ఆ కళ్లెమూ పోతుంది, దిద్దుబాటూ పోతుంది. 170 ప్రాంతంలో తతియాను అనే ఆయన సరిగ్గా ఆ పనే చేశాడు. నాలుగు సువార్తలనూ అల్లి ఒక్క పుస్తకం చేశాడు. సిరియా సంఘాలు దాన్నే రెండు మూడు శతాబ్దాలు ఆరాధనలో చదువుకున్నాయి. 5వ శతాబ్దంలో కుర్రస్ బిషప్పు థియోడొరెట్ తన పరిధిలో 200కు పైగా ప్రతులు ఏరి పక్కన పెట్టించి, వాటి స్థానంలో నాలుగు సువార్తలు పెట్టించాడు. తేడాలు ఉంటే ఉండనీ, నాలుగూ ఉండాలి అన్నది సంఘం తీసుకున్న నిర్ణయమే. నేను సంఘం ఉంచినదాన్ని ఉంచినట్టు చదవమంటున్నాను, అంతే.

పాస్టరుగారు: క్రిస్మస్ నాటకంలో జ్ఞానులనూ కాపరులనూ ఒకే పాకలో నిలబెట్టేది మేమే, కాదనను. మత్తయి ప్రకారం యేసు పుట్టింది మహా హేరోదు బతికున్న కాలంలో, అంటే క్రీ.పూ. 4కు ముందు. యేసు పుట్టినప్పటిదని లూకా చెప్పే, అధిపతి కురేనియు కాలపు జనాభా లెక్కింపు జోసీఫస్ ప్రకారం క్రీ.శ. 6లోది. మధ్య పదేళ్లు. పూడ్చడానికి చాలామంది ప్రయత్నించారు, నాకు ఏదీ పూర్తిగా తృప్తినివ్వలేదు. పుట్టిన సంవత్సరం దగ్గర నా విశ్వాసం ఆగి లేదు. నా ఫిర్యాదు వేరే. సువార్తికుల దిద్దుబాట్లు ఇంతసేపు చూపించారు. పండితుల దిద్దుబాట్ల సంగతి ఏమిటి?

ఇక్కడి నుంచి వాదన తిరగబడుతుంది. పాస్టరు ఎత్తిన ఫిర్యాదును ముందే రాసినవాడు ఆల్బర్ట్ ష్వైట్జర్. రైమారుస్ నుంచి తన కాలం దాకా వచ్చిన యేసు జీవితచరిత్రలన్నీ చదివి 1906లో ఆయన తేల్చింది, ప్రతి తరమూ తన ఆదర్శాలనే యేసు ముఖాన పులిమిందని. 1863లో వచ్చిన ఎర్నెస్ట్ రెనాన్ పుస్తకంలో యేసు గలిలయ కొండల మీది సుకుమార స్వాప్నికుడు. జర్మన్ ఉదారవాదులకు ఆయన నీతిబోధ చేసే మంచి పౌరుడు. లోతైన బావిలోకి తొంగిచూసి తమ ముఖమే చూసుకున్నారని 1909లో జార్జ్ టిరెల్ ఎద్దేవా చేసింది వీళ్లనే.

పాస్టరుగారు: రెనాన్‌ను వదిలేయండి, అది కేవలం అందమైన పొరపాటు. 1939లో ఐసెనాఖ్ ఊళ్లో జర్మన్ ప్రొటెస్టెంట్లు ఒక సంస్థ పెట్టారు. క్రైస్తవ జీవితంలో యూదు ప్రభావాన్ని పరిశోధించి తుడిచేయడం దాని పని. ఆ మాట పేరులోనే ఉంది. దానికి విద్యావిషయాల్లో పెద్ద వాల్టర్ గ్రుండ్‌మన్. యేనా విశ్వవిద్యాలయంలో కొత్త నిబంధన ఆచార్యుడు. యేసు యూదుడు కాడని 1940లో ఆయన పుస్తకం రాశాడు. ఆ ఏడే ఆ సంస్థ యూదు ఆనవాళ్లు కోసేసిన కొత్త నిబంధన అచ్చువేసింది. ఆయన చదువు లేనివాడా? గ్రీకు వచ్చు, విమర్శ పద్ధతులన్నీ వచ్చు. యుద్ధం తరవాత తూర్పు జర్మనీలో ఆయన రాసిన సువార్త వ్యాఖ్యానాలను కాలేజీల్లో వాడారు కూడా. మీ శాస్త్రం ఆయన్ను ఆపలేకపోయింది. పైగా ఆ తరవాత ఇరవై, ముప్ఫై ఏళ్లు మీవాళ్లు అపురూపంగా చూసుకున్న సూత్రం ఏమిటి? యేసు మాటల్లో అటు యూదు మతంతోనూ, ఇటు తొలి సంఘంతోనూ పోలనిదే నిక్కమైన యేసు మాట అని. అంటే యూదులతో పోలిక ఉన్న ప్రతి మాటనూ పక్కన పెట్టేశారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, మిగిలిన యేసు మాత్రం మళ్లీ యూదుడు కాని యేసే.

మాస్టారు: ఇది మా శాస్త్రం మీద ఉన్న పెద్ద మచ్చ. దాన్ని తక్కువ చేసి చెప్పను. కాని దిద్దుకున్నదీ ఆ శాస్త్రంలోని వాళ్లే, ఆధారాలతోనే. 1947 నుంచి మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన చుట్టలు ఆ కాలపు యూదుల మాటల్ని వాళ్ల చేతిరాతలోనే ముందు పెట్టాయి. సువార్తల్లోని వాదాలు, నిరీక్షణలు ఆ లోకానివేనని తేటపడింది. 1973లో గేజా వెర్మెష్ అనే హంగరీ యూదుడు, తల్లిదండ్రుల్ని నాజీల యూదు మారణకాండలో పోగొట్టుకున్నవాడు, యేసును గలిలయకు చెందిన యూదు పరిశుద్ధుడిగా చూపిస్తూ పుస్తకం రాశాడు. 1985లో ఇ.పి. సాండర్స్, మాటల్ని వడపోయడం మాని, ముందు జరిగిన పనులు పట్టుకుందాం అన్నాడు. దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోసిన ఘటన నుంచి మొదలుపెట్టాడు. పస్కా పండక్కి కిక్కిరిసిన యెరూషలేములో, దేవాలయంలో గొడవ చేసిన గలిలయుణ్ణి ప్రధానయాజకులు రోమావాళ్లకు అప్పగించడం ఆ కాలపు రాజకీయం తెలిసినవాళ్లకు వింత కాదు. ఆ దారిలో వెళ్తే యేసు మళ్లీ యూదుడిగా, ఆ ఊరి మనిషిగా కనబడతాడు.

పాస్టరుగారు: అదే 1985లో అమెరికాలో జీసస్ సెమినార్ మొదలైంది. పండితులు కూర్చుని ప్రతి మాటకూ ఎరుపు, గులాబీ, బూడిద, నలుపు పూసలతో ఓట్లు వేశారు. యేసు మాటలని చెప్పేవాటిలో 18 శాతం మాత్రమే ఎరుపో గులాబీయో అయ్యాయి. సత్యాన్ని పూసలు లెక్కపెట్టి తేలుస్తారా?

మాస్టారు: నేను అలా తేల్చను. ఆ లెక్క మీద అప్పట్లో పత్రికల్లో వచ్చినంత హడావుడి ఇప్పుడు పండితుల్లో లేదు. కాథలిక్ ప్రీస్టు జాన్ మైయర్ 1991లో మొదలుపెట్టి 2016 దాకా అయిదు సంపుటాలు రాశాడు. ఒక కాథలిక్కు, ఒక ప్రొటెస్టెంటు, ఒక యూదుడు, ఒక అజ్ఞేయవాది గ్రంథాలయం నేలమాళిగలో కూర్చుని దేని మీద ఏకాభిప్రాయానికి రాగలరో అదే చరిత్రకారుడి యేసు అని ఆయన హద్దు గీసుకున్నాడు. అది అసలు యేసు పూర్తి రూపం కాదని మొదటి సంపుటంలోనే చెప్పాడు. 2012లో క్రిస్ కీత్, ఆంథొనీ లె డన్ సంపాదకత్వంలో వచ్చిన పుస్తకం ఆ ప్రమాణాలనే నిలదీసింది. ఒక్కో మాటనూ విడిగా పరీక్షించి మేలిమి తేల్చడం కుదరదు, జ్ఞాపకం అలా పనిచేయదు అన్నారు. వివరాలు చెరిగినా మొత్తం మీద పడిన ముద్ర నిలుస్తుంది అన్నది డేల్ ఆలిసన్ మాట. యేసు దేవుని రాజ్యం గురించి మాట్లాడాడు, ఉపమానాల్లో మాట్లాడాడు, రోగులను బాగుచేసేవాడని పేరుపడ్డాడు, పాపులనిపించుకున్నవాళ్లతో కలిసి తిన్నాడు, పన్నెండుమందిని పిలుచుకున్నాడు. వీటిలో ఏ ఒక్క కథ కాదన్నా మొత్తం కూలదు.

పాస్టరుగారు: దేవుని రాజ్యం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ష్వైట్జర్ అక్కడే పెద్ద రాయి వేశాడు. రాజ్యం వెంటనే వస్తుందని యేసు నమ్మాడనీ, రాలేదనీ. అంటే ఆయన పొరబడ్డాడనా మీరనేది?

మాస్టారు: ఇక్కడ నిలబడినవారిలో కొందరు చావకముందే రాజ్యం రావడం చూస్తారన్న మాట మార్కులో ఉంది. దాదాపు 50లో థెస్సలొనీకయులకు రాసిన లేఖలో పౌలు, ప్రభువు వచ్చేటప్పటికి తాను బతికే ఉంటానన్నట్టు రాశాడు. తరవాత వచ్చిన రెండో పేతురు పత్రిక ఆలస్యానికి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. తొలి తరం దగ్గర్లోనే ఎదురుచూసిందన్నది స్పష్టం. అది యేసు నుంచే వచ్చిందని నేను అనుకుంటాను. వెయ్యి అర్థాలు చెప్పే బోధలో ఆయన మనసులో ఏ గడువు ఉందో కచ్చితంగా తేల్చగలనని మాత్రం అనను. యోహాను చేతి కింద మొదలై, ఎదురుచూసే సంఘంలో ముగిసిన దారి మధ్యలో నిలబడ్డవాడు ఎదురుచూడలేదనడం కష్టం.

పాస్టరుగారు: ఆ రోజూ ఆ ఘడియా తనకు తెలియదని చెప్పినవాడిని గడువు తప్పాడనడం నాకు న్యాయంగా తోచదు. మా సంఘంలో ఆ మాటకు చోటుంది; మీ నిర్ణయానికి లేదు.

ఈ అంశం మీద ఇద్దరూ దగ్గరికి రాలేదు. చరిత్రకారులలోనూ రాజ్యం యేసుకు రాబోయేదా, అప్పటికే వచ్చేసిందా అన్న తగవు ఇప్పటికీ నడుస్తోంది. మాస్టారి పక్షాన సంఖ్యాబలం ఎక్కువ. పాస్టరు ఎత్తి చూపిన మార్కు 13:32 కూడా, పైన చెప్పిన ఇబ్బంది సూత్రం ప్రకారమే, యేసు అసలు మాటల్లో ముందు వరసలో నిలవాలి. దాన్ని లెక్కలోకి తీసుకోని ఏ వివరణా నిండుది కాదు.

మరణం దగ్గర మాత్రం తగవు చాలావరకు లేదు. పిలాతు 26 నుంచి 36 దాకా, కయప 18 నుంచి 36 దాకా పదవుల్లో ఉన్నారు. శుక్రవారమని నాలుగు సువార్తలూ ఒప్పుకుంటాయి. కడరాత్రి భోజనం పస్కా భోజనమే అని మార్కు. పస్కాకు ముందు రోజే సిలువ వేశారని యోహాను. చంద్రుడి లెక్కలతో సరిచూసినవారు క్రీ.శ. 30 ఏప్రిల్ 7నో, 33 ఏప్రిల్ 3నో సూచిస్తారు. సిలువ వేసినవాడిని సమాధి చేయనిస్తారా అన్న సందేహానికి 1968లో యెరూషలేము ఉత్తరాన గివాత్ హామివ్తార్‌లో జవాబు దొరికింది. ఎముకలు దాచే రాతిపెట్టె మీద యెహోహనాన్ అన్న పేరు; లోపల మడమ ఎముక, దానిలోంచి దూసుకుపోయిన ఇనుప మేకు. మేకు కొన వంగిపోయి ఊడిరాలేదు. కుటుంబం అలాగే తెచ్చి కుటుంబ సమాధిలో పెట్టుకుంది. అరిమతయియ యోసేపు యేసును సమాధి చేయడం జరగదగినదేనని ఆ ఎముక చెబుతుంది. జరిగిందని రుజువు చేయదు.

పాస్టరుగారు: సమాధి దాకా వచ్చారు. మూడో రోజు మాట?

మాస్టారు: కొరింథీయులకు మొదటి లేఖ 15వ అధ్యాయంలో పౌలు తాను అందుకున్నదాన్నే అందిస్తున్నానంటూ, కేఫాకు, పన్నెండుమందికి, అయిదు వందల మందికి, యాకోబుకు, చివరికి తనకు కనబడ్డాడని వరసగా చెప్పాడు. ఆ వరస పౌలు లేఖకంటే పాతది. యేసు మరణానికి కొన్నేళ్లలోపే కుదిరినదని చాలామంది ఒప్పుకుంటారు. వాళ్లు చూశామని నమ్మారు, ఆ నమ్మకంతో బతికారు, కొందరు దాని కోసం చచ్చారు. ఇంతవరకు చరిత్ర. ఏం చూశారన్నది నా పనిముట్టుకు అందదు.

పాస్టరుగారు: అందదన్నంతవరకు సరే. మీ పుస్తకాల్లో చాలామంది అందదు అన్నచోట ఆగకుండా, జరగలేదు అని రాస్తారు. అద్భుతాలు ఉండవన్న తీర్మానం ఆధారాల నుంచి వచ్చింది కాదు, ఆధారాలు చూడకముందే జేబులో పెట్టుకుని వచ్చింది.

మాస్టారు: రైమారుస్ నుంచి స్ట్రాస్ దాకా అది నిజం. అలా రాయడం హద్దు దాటడమే. అలాగే జరిగిందని చరిత్ర రుజువు చేస్తుందని పుస్తకాలు రాసే మీవాళ్లు కూడా అదే హద్దు అటువైపు నుంచి దాటుతున్నారు. యాకోబునే తీసుకోండి. యేసు బతికుండగా తమ్ముళ్లు ఆయనను నమ్మలేదని యోహాను సువార్త రాసింది. మతి చలించిందని వచ్చిన ఇంటివాళ్లు మార్కులో ఉన్నారు. అదే యాకోబు 40ల్లో యెరూషలేము సంఘానికి స్తంభమని పౌలు రాశాడు, 62లో చంపబడ్డాడని జోసీఫస్ రాశాడు. రెండు కొసలూ నా దగ్గర ఉన్నాయి. మధ్యలో అన్నగారు కనబడ్డాడని పౌలు చెప్పిన ఒక్క ముక్క ఉంది.

పాస్టరుగారు: ఆ ముక్కను నేను నిజమని నమ్ముతాను. ఆ నమ్మకాన్ని మీ ఆధారంగా చూపించి ఎవరి నోరూ మూయించను. మీ వాళ్లు ఆ ముక్క ఉందని మరిచిపోకుండా రాస్తే చాలు.

మాస్టారు: యాకోబు ఎందుకు మారాడో చెప్పకుండా తొలి యెరూషలేము సంఘ చరిత్ర రాయడం కుదరదు. కాబట్టి ఆ వాక్యం ఏ చరిత్రలోనైనా ఉండి తీరాలి. కనబడ్డాడని యాకోబు చెప్పుకున్నాడు అన్న రూపంలో.